గేటమ్మ పెరటి బాట

నేను పెళ్ళయి పై వీధికి వచ్చిన మొదటి వారంలోనే మా అత్తగారు నాకొక జాగ్రత్త చెప్పారు. వంట గురించి కాదు, ఇరుగుపొరుగు గురించీ కాదు.

"కిందికెళ్ళి బస్సెక్కాలంటే పాలావిడ పెరట్లోంచే దారి. గేటు దాటాక గొళ్ళెం పెట్టు. పెట్టి ఒకసారి లాగి చూడు. ఆవిడ చూస్తూ ఉంటుంది."

"చూస్తే ఏమవుతుందండీ?"

"ఏమీ అవదు. చూస్తుంది, అంతే."

మర్నాడు పొద్దున మా ఆయనతో కలిసి ఆ దారిన వెళ్ళాను. మా పై వీధి గట్టు మీద ఉంటుంది. బస్సు రోడ్డు, బడి, ఆసుపత్రి, బజారు అన్నీ కింద. మధ్యలో పాలావిడ పొలం. గట్టు దిగి, గడ్డి మళ్ళ మధ్య నుంచి నడిచి, ఆవిడ ఇంటికీ పశువుల కొట్టానికీ మధ్య ఉన్న పెరట్లోంచి వెళ్తే రోడ్డు మీది గేటు వస్తుంది. ఆ ఇల్లు కట్టకముందే ఆ బాట ఉందట. ప్రభుత్వ పటంలో చుక్కల గీతగా ఉంది. కాబట్టి నేల ఆవిడదే అయినా, నడిచే హక్కు అందరిదీ. బాట కాదనుకుంటే గట్టంతా చుట్టి బండి దారిన రావాలి.

మేం పెరట్లో అడుగు పెట్టగానే కొట్టం గుమ్మంలోకి ఒక మనిషి వచ్చి నిలబడింది. పొడుగాటి మనిషి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మోచేతుల పైకి మడిచిన చొక్కా చేతులు, వేళ్ళ చివర్ల నుంచి కారుతున్న నీళ్ళు. కొత్త కోడలినని పలకరిస్తుందేమోనని చిన్నగా నవ్వాను. ఆవిడ నా మొహం వైపు చూసింది, మా ఆయన మొహం వైపు చూసింది, తర్వాత గేటు వైపు చూసింది. మేం బయటికి వెళ్ళి గొళ్ళెం వేసి, లాగి చూశాక లోపలికి వెళ్ళిపోయింది.

ఎవరైనా ఏమరుపాటున రెండడుగులు ముందుకు వేస్తే చాలు, కొట్టంలోంచి "గేటూ" అని సాగదీసిన కేక వినపడేది. బడి పిల్లలు ఆ కేకను అనుకరిస్తూ గట్టెక్కేవారు. వాళ్ళు పెట్టిన పేరే గేటమ్మ. చాటున అందరూ గేటమ్మ అనేవారు. ఎదురుగా మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు, అసలు మాట్లాడేవారే కాదు.

ఆవిడ సంగతి నాకు అత్తగారే చెప్పారు. నేనింకా ఈ వీధి మొహం చూడని రోజుల్లో జరిగినది. ఆవిడకీ పాలాయనకీ ఒక్కతే కూతురు. ఇంకా బడిలో వేయలేదు. ఒక పొద్దున ఎవరో గేటు తీసి, వేయకుండా వెళ్ళారు. లేగదూడ ఒకటి రోడ్డెక్కింది. దాన్ని వెనక్కి తేవడానికి పాప పరిగెత్తింది. మలుపు దగ్గర లారీ వస్తోంది. దూడ అటువైపు క్షేమంగానే ఉంది.

"ఎవరు తీశారో తెలీలేదా?" అని అడిగాను.

"ఆ పొద్దున ఆ దారిన ఎంతమంది వెళ్ళుంటారు? పోలీసులు వచ్చి అడిగారు. అందరూ గొళ్ళెం వేశామనే చెప్పారు," అన్నారు అత్తగారు. ఆ మాట తర్వాత ఆవిడ లేచి, ఆరిన బట్టలు తీసుకురావడానికి వెళ్ళిపోయారు. ఆ రోజు వాన మబ్బు కూడా లేదు.

పాలాయన మాత్రం మనుషులంటే ప్రాణం పెట్టే మనిషి. పెరట్లో ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని ఆపి మరీ కబుర్లు చెప్పేవాడట. "బస్సు వెళ్ళిపోతుంది బాబాయ్" అంటే, "ఇంకోటి వస్తుందిలేవోయ్, బస్సులు గొడ్డుపోయాయా" అనేవాడట. నేను చూసేనాటికి ఆయన దగ్గుతో సగమైపోయాడు. అయినా నేను వెళ్తుంటే చెయ్యెత్తి, "బాగున్నావా అమ్మా, దర్జీ కోడలివి కదూ" అనేవాడు. పాప పోయాక బాట మూయించాలని ఆవిడ పట్టుబట్టిందట. ఆయన ఒప్పుకోలేదు. "మనం పుట్టకముందు నుంచీ జనం నడిచే దారి. ఒక్కరు చేసిన దానికి వీధంతటికీ తలుపు వేస్తామా?" అన్నాడట. ఆయన బతికున్నంత కాలం ఆ విషయం మళ్ళీ రాలేదు.

ఆయన పోయిన ఏడాదికి గేటు స్తంభానికి ప్లాస్టిక్ కవరులో ఒక ప్రకటన వేలాడింది. గట్టు చివర ఇంకొకటి. ఈ బాటను పెరట్లోంచి తీసేసి, పొలం అంచున కాలువ వెంబడి కొత్త దారికి మళ్ళించాలని భూమి యజమానురాలు దరఖాస్తు పెట్టుకున్నారు. అభ్యంతరాలుంటే బాటల కార్యాలయానికి తెలపవచ్చు. ఫలానా రోజున విచారణ ఉంటుంది. కారణం దగ్గర, పశువుల ఆరోగ్యం, ఇంటి ఏకాంతం అని రాసి ఉంది.

పై వీధి భగ్గుమంది. కాలువ దారి చుట్టు తిరుగుడు. వానాకాలం అక్కడ బురద. పైగా కిందికి దిగేచోట ఏటవాలు. ఆ బాట మీద ఏనాడూ కాలు పెట్టని పెద్దమనుషులు కూడా అది లేకపోతే తమ బతుకులు ఆగిపోతాయన్నట్టు మాట్లాడారు. చెప్పుల కొట్టాయన స్కూటరు మీద తప్ప కదలడు. ఆయనే అందరికంటే గట్టిగా అరిచాడు. ఇంటింటికీ తిరిగి అభ్యంతరాలు రాయించాడు. మా మామగారి దగ్గరికీ వచ్చాడు.

మా మామగారు దర్జీ. వీధిలోకి తెరుచుకునే ముందుగదే ఆయన కొట్టు. కిటికీ పక్కన మిషను, గోడకి ఆనించి కత్తిరింపు బల్ల, మేకులకి వేలాడే కాగితం కొలతలు. నేను వచ్చాక బొత్తాములు, కాజాలు, చేతికుట్టు పని నేను చూసేదాన్ని. ఆయన మాటలు తక్కువ మనిషి. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకోవడం వల్ల తక్కువా, మాటలు తక్కువ కనుక గుండుసూదులు పెట్టుకుంటారా అని మా ఆయన వేళాకోళం చేసేవాడు.

"మీ మోకాళ్ళ నొప్పుల సంగతి రాయండి. దాన్ని కాదనడానికి వాళ్ళకి నోరు రాదు," అన్నాడు చెప్పుల కొట్టాయన.

మామగారు చాలాసేపు ఆ కాగితం వైపు చూసి, చివరికి సంతకం పెట్టారు. ఆయన వెళ్ళాక మిషను మీద చెయ్యి వేసి ఊరికే కూర్చున్నారు. కాళ్ళ నొప్పి ఎక్కువైందేమో అనుకున్నాను.

విచారణకు ముందు బాటల అధికారి వచ్చింది. నా వయసే ఉంటుంది. పొడుగాటి కర్రకి చక్రం బిగించిన కొలత బండి ఒకటి తోసుకుంటూ పాత బాట మొత్తం నడిచింది, తర్వాత కాలువ దారిన నడిచింది. ఏటవాలు దగ్గర జారి కూర్చుండిపోయింది. మట్టి దులుపుకుని లేచి, ఎక్కడ జారిందో అక్కడ నిలబడి ఏదో రాసుకుంది. మా కొట్టు ముందు ఆగి మంచినీళ్ళు అడిగినప్పుడు నేను అడిగాను, "ఏమవుతుంది మేడమ్?"

"నేను రెండే చూడాలండీ. మార్చాల్సిన అవసరం ఆవిడకి నిజంగా ఉందా, మార్చితే మీకు మరీ ఇబ్బంది అవుతుందా. అవి తప్ప ఇంకేం చూడ్డానికి నాకు అధికారం లేదు," అంది. నీళ్ళు తాగి, గ్లాసు తనే కడిగి ఇచ్చింది.

విచారణ రోజున మామగారిని నేను తీసుకెళ్ళాను. కార్యాలయం మేడ మీద పొడుగాటి గది. ఇనుప కుర్చీలు. కిటికీ రెక్క ఒకటి సరిగా పడక గాలికి కొట్టుకుంటోంది. బల్ల మీద పటం పరిచి, మూలలు లేవకుండా టీ గ్లాసులు పెట్టారు. ముందు వరసలో ఆవిడ ఒక్కతే కూర్చుంది. రబ్బరు బూట్లు లేకుండా ఆవిడని చూడటం నాకదే మొదటిసారి. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చేతులేం చేయాలో తెలియనట్టు ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. ఆ వరసలో మరెవరూ కూర్చోలేదు. వెనక వరసలు నిండిపోయి కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు.

చెప్పుల కొట్టాయన మొదలుపెట్టాడు. తాతల కాలం నుంచీ వస్తున్న హక్కన్నాడు, పేదవాళ్ళ కాళ్ళ మీద కొట్టడమన్నాడు. ఇంకెవరో బడి పిల్లల సంగతి చెప్పారు. ఒకావిడ, "బాట మా అందరిదీ, ఆవిడ చూపులు భరించడం కూడా మా వంతే అయింది," అంటే వెనక నవ్వులు వినిపించాయి. ముందు వరసలో ఆవిడ మెడ కూడా కదలలేదు. అధికారి అన్నీ రాసుకుంటూనే ఉంది.

తర్వాత మామగారిని పిలిచారు. ఆయన ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచారు.

"నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నానండీ," అన్నారు.

చెప్పుల కొట్టాయన వెనక్కి తిరిగి చూశాడు. అధికారి, "సరేనండీ. కారణం చెప్తారా? రికార్డులో రాయాలి," అంది.

"కారణం ఏముంది. ఆ అమ్మ వద్దంటోంది. వద్దనే హక్కు ఆమెకుంది."

"హక్కు సంగతి నేను చూస్తాను. మీకు మోకాళ్ళ నొప్పి అని రాశారు. కొత్త దారి నడవగలరా?"

మామగారు కుర్చీ వీపు మీదికి ఇంకాస్త వాలారు. నేను లేవబోయాను. ఆయన నన్ను వద్దన్నట్టు చెయ్యి చూపించి, అధికారితో కాకుండా, ముందు వరసలో కూర్చున్న ఆ వీపుతో మాట్లాడారు.

"ఆ పొద్దున మిషను తల బాగుచేయించడానికి భుజాన పెట్టుకుని వెళ్ళాను. బరువు. రెండు చేతులూ దానికే సరిపోయాయి. గేటు మోకాలితో తోసి వచ్చేశాను. పడుతుందిలే అనుకున్నాను. గొళ్ళెం వేశానని పోలీసులకి చెప్పాను. వేయలేదమ్మా. గేటు వేయకుండా వచ్చింది నేనే."

కిటికీ రెక్క మళ్ళీ కొట్టుకుంది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఒకే గదిలో, ఒకే కిటికీ వెలుగులో పక్కపక్కన కూర్చుని కుడుతున్నాం. అంత బరువు పక్కనే ఉందని నాకు తెలియదు.

అప్పుడు గోడ పక్క నుంచి చేతికర్ర చప్పుడైంది. రిటైరైన నర్సమ్మ. ఈ వీధిలో సగం మంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే. గసపోసుకుంటూ రెండు అడుగులు ముందుకు వచ్చింది.

"ఉండవయ్యా. నువ్వు వెళ్ళాక నేనొచ్చాను," అంది మామగారితో. "పైన కాన్పు ఉందని కబురొస్తే బస్సు దిగి పరిగెత్తాను. నేనొచ్చేసరికి గేటు దగ్గరగా వేసుందో, వారగా ఉందో నాకు గుర్తులేదు. తోసుకుని లోపలికొచ్చాను. వెనక్కి తిరిగి చూళ్ళేదు. అది మాత్రం గుర్తుంది. ఆ తర్వాత ఏ కాన్పుకెళ్ళినా అదే గుర్తొచ్చేది." ఆవిడ ఆగి ఊపిరి తీసుకుంది. "నేను కూడా పోలీసులకి వేశాననే చెప్పాను అమ్మాయ్."

ముందు వరసలో ఆవిడ నెమ్మదిగా తిరిగి చూసింది. అదే చూపు. మామగారి మొహం, నర్సమ్మ మొహం. మామగారు ఈసారి తల దించుకోలేదు.

అధికారి కలం బల్ల మీద పెట్టేసింది. "ఇది ఈ విచారణ పరిధిలోకి రాదండీ," అంది. మందలించినట్టు లేదు, తనకి అంతకంటే తెలిసిన మాట లేనట్టుంది. తర్వాత ఆవిడ వైపు వంగి అడిగింది. "రాయమంటారా, వద్దా? మీరెలా చెప్తే అలా."

"రాయొద్దు," అంది ఆవిడ. విచారణ మొత్తంలో ఆవిడ పలికింది అదొక్కటే. లేచి, కుర్చీల మధ్య నుంచి నడిచి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. పాలు పితికే వేళ అవుతోంది మరి, ఏం జరిగినా ఆవులు ఆగవు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మెట్లు దిగారు.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. అత్తగారికి ఈ సంగతి మొదటి నుంచీ తెలుసని మాత్రం అర్థమైంది. మామగారు కొట్టు తెరిచేవారు, కుట్టేవారు, మూసేవారు. బాట మీద నడవడం మానేశారు. దారాలు, బొత్తాములు కావాలంటే నన్నే పంపేవారు. నేను పెరట్లోంచి వెళ్తే ఆవిడ కొట్టం గుమ్మంలోకి రావడం లేదు. లోపల పాల ధార బకెట్టుకి తగిలే చప్పుడు వినపడేది. గొళ్ళెం వేసి లాగి చూసుకుని వెళ్ళేదాన్ని. ఎవరూ చూడకపోతే ఆ పని ఇంకా కష్టంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం మా కొట్టు గుమ్మానికి నీడ అడ్డం పడింది. తలెత్తితే ఆవిడ. రబ్బరు బూట్లతోనే వచ్చింది. పాప పోయాక ఆవిడ గట్టెక్కి పై వీధికి రావడం అదే మొదటిసారని తర్వాత అత్తగారు చెప్పారు. మామగారు మిషను ముందు నుంచి లేవబోయారు. లేవలేక బల్ల పట్టుకున్నారు.

"కూర్చో అన్నయ్యా," అంది ఆవిడ. తనూ గోడ పక్క బెంచీ మీద కూర్చుంది. నేను లోపలికి వెళ్ళబోతే, "నువ్వు కూడా ఉండమ్మా, రహస్యమేం లేదు," అంది.

ఆవిడ కత్తిరింపు బల్ల మీద ఉన్న గుర్తులు గీసే సుద్దముక్క తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది.

"ఇన్నేళ్ళూ అందరి మొహాలూ చూశాను," అంది. "చేసినవాళ్ళ మొహంలో ఎక్కడో కనపడుతుందనుకున్నాను. నీ మొహం కూడా చూశాను. నాకేం కనపడలేదు."

"కనపడకూడదనే తల వంచుకుని నడిచేవాణ్ణి."

"పొగరనుకున్నాను. దర్జీ పనికి ఇంత పొగరేంటి అని మా ఆయనతో కూడా అన్నాను."

మామగారి పెదాలు కదిలాయి. అది నవ్వో ఏడుపో చెప్పలేను.

"మా ఆయన పోయేముందు ఒక మాట చెప్పాడు," అంది ఆవిడ. "ఆ పొద్దున పాల క్యాన్లు రోడ్డు మీదకి దించి వస్తూ గొళ్ళెం పెట్టానో లేదో తెలీదే, నేనే అయ్యుంటానే, అన్నాడు. జనం మీద నా కోపం తగ్గించడానికి అబద్ధం చెప్తున్నాడనుకున్నాను. అంత దగ్గులో కూడా ఈయనకి వాళ్ళ గొడవే అని విసుక్కున్నాను. ఏమీ అనకుండా బయటికి వచ్చేశాను. ఆ మర్నాడు పోయాడు."

ఆవిడ సుద్దముక్క బల్ల మీద పెట్టింది. వేళ్ళకంటిన తెలుపు చూసుకుంది.

"ఇప్పుడు నువ్వంటున్నావు, నర్సమ్మక్క అంటోంది. ఆయన ముందే అన్నాడు. అందరూ అయ్యారు. మిగిలింది నేనొక్కదాన్నే." గొంతు మారలేదు కానీ, మాటకీ మాటకీ మధ్య ఎడం పెరిగింది. "ఆ పొద్దున నేనూ గేటు దాటాను అన్నయ్యా. పేడ తట్ట అవతల గుంతలో పారబోసి వచ్చాను. ఇంట్లో పాలు పొంగుతున్నాయని గుర్తొచ్చి పరుగున వచ్చాను. గొళ్ళెం వేసినట్టు నాకు గుర్తులేదు. వేయనట్టూ గుర్తులేదు. ఆ సంగతి వైపు ఒక్కనాడూ తిరిగి చూళ్ళేదు. చూస్తే బతకలేనని, మీ మొహాలు చూస్తూ కూర్చున్నాను."

మామగారు, "నీది కాదమ్మా," అన్నారు.

"నీకెలా తెలుసు?"

"తెలీదు."

"నాకూ తెలీదు. నీదనీ తెలీదు, కాదనీ తెలీదు. ఇక తెలీదు అన్నయ్యా. అదే చెప్దామని వచ్చాను."

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏడ్చారని రాస్తే బాగుంటుందేమో, కానీ ఏడవలేదు. మామగారు చేతిలో ఉన్న చొక్కా కాలరుని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టారు. లోపల నుంచి అత్తగారు టీ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఆవిడ ఆ చెయ్యి తీసేయలేదు. టీ మొత్తం తాగింది.

వెళ్ళేముందు మామగారు అడిగారు. "అయితే దరఖాస్తు వెనక్కి తీసుకుంటావా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "తీసుకోను. మీ మీద కోపంతో కాదు. ఆ గేటు అక్కడ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నన్నాళ్ళూ నా చెవి దాని మీదే ఉంటుంది. నిద్రలో కూడా లెక్కపెడతాను. బాట ఉండనీ, జనం నడవనీ. నా పెరట్లోంచి వద్దు. అంతే."

"అంతే కదా," అన్నారు మామగారు. "నడుస్తాంలే."

ఉత్తర్వు వచ్చింది. బాట మళ్ళింపుకి అనుమతి. కానీ కొత్త దారి నడవడానికి పనికొస్తుందని అధికారి వచ్చి చూసి ఒప్పుకునే దాకా పాతది మూయకూడదు. ఏటవాలు దగ్గర మెట్లు కట్టాలి, బురద పడేచోట రాళ్ళు పరవాలి, ఆ పని యజమానురాలిదే.

ఆవిడ ఆ పని కూలీలకి వదిలేయలేదు. పొద్దున పాలు పితికి, కొట్టం కడిగి, గడ్డి వేశాక గడ్డపార తీసుకుని కాలువ గట్టుకి వెళ్ళేది. మొదటి కొన్నాళ్ళు పై వీధి జనం దూరం నుంచి చూశారు. ఏం చేయాలో ఎవరికీ పాలుపోలేదు. సాయానికి వెళ్తే నేరం ఒప్పుకున్నట్టుంటుందేమో, వెళ్ళకపోతే మనుషులం కానట్టుంటుందేమో. చివరికి నర్సమ్మ కర్ర పొడుచుకుంటూ వెళ్ళి, గట్టు మీద కూర్చుని, "ఆ రాయి అలా కాదమ్మాయ్, చదునుగా ఉన్న వైపు పైకి తిప్పు," అని సలహాలు మొదలుపెట్టింది. "నువ్వొచ్చి తిప్పరాదా అక్కా," అంది ఆవిడ. ఆ మాట గట్టెక్కి మా వీధి దాకా వచ్చింది. మర్నాడు మా ఆయన గునపం పట్టుకుని వెళ్ళాడు. తర్వాత ఇంకొందరు వెళ్ళారు. చెప్పుల కొట్టాయన రాలేదు కానీ, స్కూటరు మీద సిమెంటు బస్తా ఒకటి తెచ్చి దించి, ఎవరైనా ఏమైనా అంటారేమోనని బండి ఆపకుండానే వెళ్ళిపోయాడు.

కొత్త దారి రోడ్డులో కలిసేచోట ఆవిడ గేటు పెట్టనివ్వలేదు. రెండు వరసల స్తంభాలు మెలిక తిరిగేలా పాతించింది. మనిషి పక్కకి తిరిగితే దూరిపోతాడు, దూడ పట్టదు. తీయక్కర్లేదు, వేయక్కర్లేదు. అధికారి వచ్చి అందులోంచి రెండుసార్లు అటూ ఇటూ దూరి చూసింది. మెట్ల పక్క పట్టుకోవడానికి గట్టి గొట్టం పాతించింది ఎవరని అడిగింది. ఉత్తర్వులో అది లేదట.

"మా అన్నయ్యకి మోకాళ్ళ నొప్పులు," అంది ఆవిడ.

అధికారి సంతకం పెట్టింది. ఆ సాయంత్రమే రోడ్డు గేటు ఊడదీసి, ఆ ఖాళీలో రాళ్ళ గోడ కట్టేశారు.

మామగారు కొత్త దారిన నడిచారు. వెళ్ళేటప్పుడు గొట్టం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగేవారు, వచ్చేటప్పుడు సగంలో ఆగి రొప్పు తీర్చుకునేవారు. దారి ఎక్కువైందని ఒక్కసారి కూడా అనలేదు. పొలంలో ఆవిడ కనపడితే చెయ్యెత్తేవారు. ఆవిడా ఎత్తేది. అంతకు మించి వాళ్ళ మధ్య పెద్ద మాటలేం నడవలేదు. కొన్నేళ్ళకి ఆయన మంచం పట్టి, ఒక పొద్దున నిద్రలోనే పోయారు. ఆవిడ వచ్చి అత్తగారి పక్కన రోజంతా కూర్చుంది. పాలు పితకడానికి కూడా వెళ్ళలేదు. ఆ రోజు ఆవుల సంగతి మా ఆయనా, పక్కింటాయనా చూసుకున్నారు.

పెరట్లో పాత బాట ఉన్నచోట నేల చాలా కాలం గట్టిగా, నున్నగా చారలా ఉండిపోయింది. రెండు వానాకాలాలు గడిచాక దాని మీదా గడ్డి మొలిచింది. వీధిలో పాతవాళ్ళు ఇప్పటికీ పరధ్యానంలో ఉంటే గట్టు దిగగానే అటువైపు నాలుగడుగులు వేసి, గుర్తొచ్చి కాలువ వైపు తిరుగుతారు.

మా అమ్మాయి కొత్త దారే చూసింది. దానికి పాతది తెలియదు. దాన్ని బడిలో వేసిన కొత్తలో రోజూ పొద్దున నేనే దిగబెట్టేదాన్ని. ఒక రోజు కాలువ పక్కన ఆవిడ గడ్డి కోస్తోంది. వయసు మీద పడి నడుము వంగింది. అప్పటికి ఆవుల్ని చాలావరకు అమ్మేసి రెండింటినే ఉంచుకుంది. మా అమ్మాయి నా చెయ్యి వదిలించుకుని వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది.

"అమ్మమ్మా, మీ ఇంట్లో పిల్లలు లేరా?"

పరుగున వెళ్ళి దాన్ని లాగబోయాను. ఆవిడ కొడవలి పక్కన పెట్టి, నన్ను ఆగమన్నట్టు చూసింది.

"ఒక పాప ఉండేది," అంది మా అమ్మాయితో. "నీకంటే చిన్నది. దూడలన్నిటికీ పేర్లు పెట్టేది. మర్నాటికి మర్చిపోయేది. మళ్ళీ కొత్త పేర్లు పెట్టేది. దూడలు తికమకపడి ఏ పేరు పిలిచినా వచ్చేవి."

మా అమ్మాయి దాని గురించి కాసేపు ఆలోచించింది. "ఏం పేర్లు?"

ఆవిడ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది. బస్సు మలుపు తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. నేను దాన్ని తొందరపెట్టలేదు. ఇంకో బస్సు ఉంది.